దెబ్బ టంకశాలలో తగిలిందా, బయట తగిలిందా?

చిలకలగూడ సికింద్రాబాద్ రైల్వే స్టేషన్ పక్కనే ఉంది. ఇలాంటి చోట పట్టాల మీద పెట్టి నలిపిన నాణెం పిల్లల చేతుల్లో కనబడుతుంది. అలాంటిదాన్నే ‘టంకశాల పొరపాటు’ అని ఎక్కువ ధరకు అమ్మజూపేవాళ్లుంటారు.

టంకశాలలో లోహపు బిళ్ళను రెండు అచ్చుల మధ్య పెట్టి ముద్రిస్తారు. అసలైన పొరపాటు ఆ ముద్రలోనో, అంతకుముందు బిళ్ళలోనో జరగాలి. బిళ్ళ కోసేటప్పుడే అంచు తెగితే, సాధారణంగా దానికి సరిగ్గా ఎదుటి వైపు అంచు కూడా మసకగా పడుతుంది. తర్వాత ఎవరో ఆకురాయితో అరగదీస్తే ఎదుటి అంచు నిక్షేపంగా ఉంటుంది. నేను మొదట చూసేది ఇదే. రైలు కింద పడినదైతే బొమ్మ సాగి, బిళ్ళ పలచబడుతుంది. నలిగిన బొమ్మ మీద తిరగబడ్డ అక్షరాలు గుంటలుగా కనిపిస్తే, రెండు నాణేలను కలిపి బిగించి నొక్కారన్నమాట.

నిజాం కాలపు చార్మినార్ వెండి రూపాయలను మరింత జాగ్రత్తగా చూడాలి. వెండి రూపాయలకు కొక్కెం అతికించి హారాల్లో వేసుకునేవారు. కొక్కెం తీసేసినా అంచు మీద టంకం మచ్చ మిగులుతుంది. భూతద్దంతో అంచు చుట్టూ చూడండి.

ఇక ఇప్పటి భారత నాణెం మీద సంవత్సరం కింద నక్షత్రం ఉంటే అది హైదరాబాద్ టంకశాల గుర్తు. అది ఊరు చెబుతుంది, లోపం నిజమని చెప్పదు.

తల్లిదండ్రులకు ఒక విన్నపం. పిల్లల్ని పట్టాల దగ్గరికి పోనివ్వకండి. అది ప్రాణాలకే ముప్పు. పైగా 2011 నాణేల చట్టం ప్రకారం నాణేన్ని ధ్వంసం చేయడం నేరం.