కలవని అంకణా: షికాగో బూత్ స్కూలు గురుశిష్యులు



ఈ ఉపన్యాసం ఎవరి స్మృతిలో జరుగుతోందో, ఆ మాస్టారు మాకు అకౌంట్లు చెప్పారు. చిట్టా రాయించి, ఆవర్జాలోకి ఎక్కించి, అంకణా తీయమనేవారు. రెండు వైపుల మొత్తాలు కలవకపోతే మేం తేడాను అనామతు ఖాతాలో వేసేసి చేతులు దులుపుకునేవాళ్లం. ఒకరోజు నా అంకణాలో 27 రూపాయలు తేడా వచ్చింది. "తొమ్మిదితో భాగించు" అన్నారు. శేషం లేకుండా పోయింది. "అయితే ఎక్కడో అంకెలు తారుమారు చేశావు. చిట్టా తియ్యి" అన్నారు. చీకటి పడేదాకా వెతికితే, 63 ఉన్నచోట 36 ఎక్కించినట్టు తేలింది. ఆ తప్పు దొరికినప్పుడు ఆయన ముఖంలో చూసిన వెలుగు నాకు ఇప్పటికీ కళ్లముందే ఉంది.

ఒక పెద్ద బిజినెస్ స్కూలు గురించి, అక్కడి గురువుల గురించి, శిష్యుల గురించి మాట్లాడమని నిర్వాహకులు అడిగారు. నేను షికాగో విశ్వవిద్యాలయపు బూత్ స్కూలును ఎంచుకున్నాను. ఆ స్కూలు చరిత్ర చదివిన ప్రతిసారీ, కలవని అంకణా ముందు కూర్చున్న మా మాస్టారే నాకు కనిపిస్తారు.

పునాది రోజులు

ఆ స్కూలు 1898లో మొదలైంది. వ్యాపారాన్ని విశ్వవిద్యాలయంలో చదువుగా చెప్పడం అప్పటికి కొత్త. అక్కడ అకౌంటింగ్ చెప్పిన జేమ్స్ మెకిన్సీ, 1922లో బడ్జెట్ల మీద పుస్తకం రాశారు. జరిగిన ఖర్చును రాసిపెట్టుకోవడంతో సరిపెట్టక, జరగబోయే పనికి ముందే లెక్క కట్టుకోవచ్చని అందులో చూపించారు. 1926లో ఆయన పెట్టిన సంస్థే నేడు ప్రపంచమంతా తెలిసిన మెకిన్సీ కంపెనీ. 1929లో ఉర్సులా బాచెల్డర్ స్టోన్‌కు ఆ స్కూలు డాక్టరేటు ఇచ్చింది. వ్యాపార శాస్త్రంలో ఒక మహిళకు ఆ పట్టా దక్కడం అదే మొదలు. 1943లో ఉద్యోగాల్లో ఉన్న అధికారుల కోసం ప్రత్యేకంగా ఎంబీఏ తరగతులు తెరిచింది.

ఒక మామూలు ప్రశ్న

1960లో మెరిల్ లించ్ బ్రోకరేజి సంస్థ అధికారి లూయీ ఎంగెల్ ఆ స్కూలును ఒక ప్రశ్న అడిగారు. షేర్లలో డబ్బు పెట్టినవాడికి ఇన్నేళ్లలో సగటున ఎంత గిట్టింది? షేర్లు కొనమని రోజూ జనానికి చెప్పేవాళ్ల దగ్గరే దానికి సరైన జవాబు లేదు. ప్రొఫెసర్ జేమ్స్ లోరీ ఆ పనికి ఒప్పుకున్నారు. లారెన్స్ ఫిషర్ తోడయ్యారు. ఖర్చుల కోసం ఆ సంస్థ 50,000 డాలర్లు ఇచ్చింది.

పని చూడటానికి చిన్నదే. న్యూయార్క్ ఎక్స్ఛేంజిలో ఉన్న ప్రతి షేరుకూ, 1926 జనవరి నుంచి 1960 డిసెంబరు దాకా, నెలనెలా ధర సేకరించాలి. దిగాక తెలిసింది దాని లోతు. కంపెనీలు విలీనమయ్యాయి, పేర్లు మారాయి, షేర్లు విడిపోయాయి, డివిడెండ్లు రకరకాలుగా పంచారు. పాత కాగితాల్లో అచ్చుతప్పులు సరేసరి. ఒక్కో తప్పునూ పట్టుకుని దిద్దుతూ పోయారు. 1964లో జవాబు వచ్చింది: డివిడెండ్లను మళ్లీ షేర్లలోనే పెడుతూ పోతే, పన్నుల మాట పక్కన పెడితే, ఏడాదికి చక్రవడ్డీ లెక్కన సుమారు 9 శాతం.

ఆ అంకె కంటే దానికోసం రాసిన ఆ ధరల ఆవర్జా విలువైనది. ఆ తర్వాత షేర్ల మీద పరిశోధన చేసిన చాలామంది దాన్ని తెరవవలసి వచ్చింది. లోరీ, ఫిషర్‌లకు నోబెల్ రాలేదు. వారు రాసిపెట్టిన లెక్కల మీద నిలబడినవారికి వచ్చింది.

గురువు, శిష్యుడు

అలా నిలబడినవారిలో ముఖ్యుడు యూజీన్ ఫామా. 1964లో అక్కడే డాక్టరేటు అందుకున్నారు, అక్కడే గురువయ్యారు. పెద్ద కంపెనీల షేర్లు ముప్పై తీసుకుని, వాటి రోజువారీ ధరల్లో నిన్నటిని బట్టి రేపటిని చెప్పే ఆనవాలు ఉందేమోనని వెతికారు. లాభం తెచ్చేంత ఆనవాలు దొరకలేదు. అందరికీ తెలిసిన సమాచారం ధరలో ముందే కలిసిపోయి ఉంటుందన్న సిద్ధాంతాన్ని 1970లో ఒక రూపంలో నిలబెట్టారు. అయినా లెక్కలు చూడటం ఆపలేదు. 1992లో కెనెత్ ఫ్రెంచ్‌తో కలిసి ఆ ఆవర్జానే మళ్లీ తిరగేసి, చిన్న కంపెనీల షేర్ల రాబడి, పుస్తకవిలువతో పోలిస్తే చవకగా ఉన్న షేర్ల రాబడి, అప్పటిదాకా తరగతి గదుల్లో చెబుతూ వచ్చిన, ప్రమాదాన్ని బట్టి రాబడిని లెక్కగట్టే సూత్రానికి లొంగడం లేదని చూపించారు. పెద్ద పేరు వచ్చాక కూడా తాను పాఠం చెప్పిన సూత్రంలో తేడా ఉందని తానే చెప్పడం ఎంత కష్టమో, ఉపాధ్యాయులుగా మనకు తెలుసు.

ఫామా దగ్గర చదివిన డేవిడ్ బూత్ డాక్టరేటు కోసం వచ్చి, 1971లో ఎంబీఏతో బయటకు వెళ్లారు. 1981లో రెక్స్ సింక్‌ఫీల్డ్ అనే మరో పూర్వ విద్యార్థితో కలిసి, తరగతిలో విన్న పాఠం మీదే పెట్టుబడి సంస్థ పెట్టారు. 2008లో స్కూలుకు 30 కోట్ల డాలర్లు ఇచ్చారు. స్కూలుకు ఆయన పేరు అలా వచ్చింది.

ఎదురు నిలిచినవాడు

రిచర్డ్ థేలర్ 1987 నుంచి ఒక అర్థశాస్త్ర పత్రికలో శీర్షిక నడిపారు. సిద్ధాంతానికి లొంగని మనుషుల తీరును అందులో ఒక్కొక్కటిగా పేర్చేవారు. మన భాషలో చెప్పాలంటే, అది కలవని అంకణాల శీర్షిక. మనిషి ఎప్పుడూ లెక్క ప్రకారం నడవడన్నది ఆయన వాదం. 1995లో ఆయన్ని పిలిచి కొలువిచ్చింది ఫామా ఉన్న స్కూలే.

ఆ వాదం జనానికి పనికివచ్చింది. జీతం తగ్గినట్టు అనిపిస్తే ఎవరికీ పొదుపు చేయబుద్ధి కాదు. అందుకని థేలర్, ష్లోమో బెనార్ట్జీ ఒక పద్ధతి చెప్పారు: ఇవాళ ఏమీ ఇవ్వక్కర్లేదు, జీతం పెరిగినప్పుడు పెరిగినదాంట్లోంచి కొంత పొదుపుకు పోయేలా ఇప్పుడే సంతకం పెట్టండి. మొదట అమలు చేసిన ఫ్యాక్టరీలో, ఒప్పుకున్నవారి పొదుపు 40 నెలల్లో జీతంలో 3.5 శాతం నుంచి 13.6 శాతానికి పెరిగింది.

ఫామాకు 2013లో, థేలర్‌కు 2017లో నోబెల్ వచ్చింది. ఒకరి మాట నిజమైతే మరొకరి మాట కొంతైనా తప్పు కావాలి. ఆ తేడాను ఏ అనామతు ఖాతాలోనూ దాచకుండా రెండు వాదాలనూ ఒకే కప్పు కింద పిల్లలకు చెప్పనివ్వడం ఆ స్కూలు చేసిన గొప్ప పని.

బ్యాంకు ముందు వరుస

2001, 2002 సంవత్సరాల్లో హైదరాబాదులో సహకార బ్యాంకుల ముందు డిపాజిటర్లు బారులు తీరడం మనలో చాలామంది చూశాం. ఆ భయం ఎలా పుడుతుందో బూత్ స్కూలు గురువు డగ్లస్ డైమండ్, ఫిలిప్ డిబ్విగ్‌తో కలిసి 1983లోనే వివరించారు. బ్యాంకు అడిగిన రోజున ఇస్తానని డిపాజిట్ తీసుకుంటుంది, ఏళ్ల తరబడి గడువుతో అప్పులిస్తుంది. పక్కవాడు తీసుకుంటాడన్న భయం అందరికీ పట్టుకుంటే, నిక్షేపంలాంటి బ్యాంకు కూడా కూలిపోతుంది. డిపాజిట్ బీమా ఆ భయాన్నే ఆపుతుంది. మన దేశంలో 2020లో ఆ బీమాను లక్ష నుంచి ఐదు లక్షల రూపాయలకు పెంచారు. డైమండ్‌కు 2022లో నోబెల్ వచ్చింది.

ఆయనతో కలిసి పరిశోధన పత్రాలు రాసిన సహోద్యోగి మన రఘురామ్ రాజన్. 2005లో అమెరికాలోని జాక్సన్ హోల్‌లో, కేంద్ర బ్యాంకుల పెద్దలు కొలువుదీరిన సభలో, ఆర్థిక వ్యవస్థలో ప్రమాదం పేరుకుంటోందని చెప్పారు. ఆ సభలో మెప్పు దక్కలేదు. మూడేళ్లకు సంక్షోభం వచ్చింది. తర్వాత రిజర్వు బ్యాంకు గవర్నరుగా, 2015లో బ్యాంకుల ఆస్తుల నాణ్యత మీద తనిఖీ పెట్టించి, మొండి బకాయిలను మంచి అప్పులుగా చూపించే అలవాటును ఆపడానికి పూనుకున్నారు. దేశం మొత్తానికీ "చిట్టా తియ్యి" అనడమే అది.

వారాంతపు విద్యార్థి

ఇక మన సత్య నాదెళ్ల. హైదరాబాదులో పుట్టి, మణిపాల్‌లో ఇంజినీరింగ్ చదివి, 1992లో మైక్రోసాఫ్ట్‌లో చేరారు. ఉద్యోగం వదలకుండా, వారాంతాల్లో విమానమెక్కి షికాగో వెళ్లి, 1997లో ఎంబీఏ పూర్తిచేశారు. 2014లో ఆ కంపెనీకి సీఈఓ అయ్యారు. ఆయన పదవిని మెచ్చుకునేవారు చాలామంది ఉన్నారు. వారమంతా పనిచేసి శనివారం బల్ల మీద కూర్చున్న ఆ విద్యార్థిని నేను ఇంకా ఎక్కువ గౌరవిస్తాను. అలాంటివాడికి తలుపు తెరిచి ఉంచిన స్కూలునూ గౌరవిస్తాను.

మన వంతు

మాస్టారి పేరు మీద మన కళాశాలకు నేను రెండు విన్నపాలు చేస్తున్నాను. పగలు కొట్లో పద్దు రాసే కుర్రాళ్లకు, అమ్మాయిలకు సాయంత్రం తరగతి ఒకటి తెరవండి. రెండోది, మన మార్కెట్ యార్డులో సరుకుల ధరల ఆవర్జా ఒకటి మొదలుపెట్టండి. వారం వారం పిల్లలు వెళ్లి రాయాలి, తప్పులు దిద్దాలి, పై తరగతివాళ్లు కింది తరగతికి అప్పగించాలి. పంట నిలవ చేసుకున్న రైతుకు ఇన్నేళ్లలో సగటున ఎంత గిట్టింది? పదిహేనేళ్లకు ఆ ప్రశ్నకు మన దగ్గర జవాబు ఉంటుంది. మనం అనుకున్నదానికి అది విరుద్ధంగా వచ్చినా దాచకుండా చెబుదాం.

మొదటి పుస్తకానికి కాగితం, అట్ట ఖర్చు నాది. మొదటి పేజీ మీద మాస్టారి పేరు రాయండి. రెండో పేజీ నుంచి ధరలు ఎక్కించండి.