పెద్దరికం ఎవరిచ్చేది: హెడ్లీ బుల్ చదువు, ఎదుగుతున్న దేశాల ప్రశ్న



కుటుంబ సభ్యులు ఈ ఉపన్యాస నిధిని ఎవరి పేరిట నెలకొల్పారో ఆ ఆచార్యులవారు జీవితమంతా అంతర్జాతీయ సంబంధాలు బోధించారు. ఈ గంటసేపూ నేను ఆయన్ని పొగుడుతూ కూర్చుంటే ముందు విసుక్కునేది ఆయనే. అందుకని ఆయన తన తరగతిలో పట్టుబట్టి చదివించిన ఒక పండితుడి గురించి మాట్లాడతాను. ఆ పండితుడు హెడ్లీ బుల్.

బుల్ 1932లో సిడ్నీలో పుట్టారు. అక్కడ చరిత్ర, తత్త్వశాస్త్రం, తర్వాత ఆక్స్‌ఫర్డ్‌లో రాజకీయశాస్త్రం చదివారు. 1955లో లండన్ స్కూల్ ఆఫ్ ఎకనామిక్స్‌లో అధ్యాపకుడిగా చేరి, అక్కడ అంతర్జాతీయ సంబంధాల పండితుడు మార్టిన్ వైట్ ఉపన్యాసాలు విన్నాక ఇక దారి మారలేదు. 1961లో ఆయుధపోటీ నియంత్రణ మీద పుస్తకం రాశారు. 1965 నుంచి రెండేళ్లు బ్రిటిష్ ప్రభుత్వంలో ఆయుధ నియంత్రణ పరిశోధన విభాగాన్ని నడిపారు. తర్వాత పదేళ్లు కాన్‌బెర్రా, 1977 నుంచి ఆక్స్‌ఫర్డ్ ఆచార్యపీఠం. 1985లో, యాభైమూడు నిండకుండానే క్యాన్సర్‌తో పోయారు.

ఆయన పేరు నిలబెట్టిన పుస్తకం 1977లో వచ్చిన ‘ది అనార్కికల్ సొసైటీ’. దేశాల మీద దండించే ప్రభువు ఎవరూ లేడు. అయినా అవి కొన్ని కట్టుబాట్లకు లోబడి ఒక సంఘంలా బతుకుతున్నాయి. ఆ సంఘాన్ని నిలబెట్టేవి ఐదు: బలాల సమతూకం, అంతర్జాతీయ న్యాయం, దౌత్యం, యుద్ధం, అగ్రరాజ్యాలు. యుద్ధాన్ని ఈ వరసలో చూసి మొదటి ఏడాది విద్యార్థులు ఉలిక్కిపడతారు. నన్ను ఎక్కువ ఆలోచింపజేసింది మాత్రం ఆ చివరిది.

సైన్యం, సంపద ఉన్నంత మాత్రాన ఏ దేశమూ అగ్రరాజ్యం కాదంటారు బుల్. దానికి కొన్ని ప్రత్యేక హక్కులూ బాధ్యతలూ ఉన్నాయని మిగతా దేశాలు ఒప్పుకోవాలి, ఆ దేశపు నాయకులూ ప్రజలూ ఒప్పుకోవాలి. నెపోలియన్ ఫ్రాన్స్, నాజీ జర్మనీ సైనికబలంలో ముందువరసలోనే ఉన్నా ఈ అర్థంలో ఆయన లెక్కకు రాలేదు. ఊళ్లో పది ఎకరాలు ఎక్కువున్నవాణ్ణల్లా పంచాయతీకి పిలవరు. వాడి మాట నలుగురూ వినాలి, తప్పు తనదైన రోజున వాడూ తలవంచాలి. ఇదే కొలతతో 1980లో ఆయన అమెరికా, సోవియట్ యూనియన్ రెండింటినీ కొలిచి, ఇవి బాధ్యత మరిచిన పెద్దలేమో అని ఒక వ్యాసం రాశారు. రెండు శిబిరాల్లో ఎవరికీ నచ్చని వ్యాసం అది. అందుకే నాకు నచ్చింది.

1974-75 ప్రాంతంలో బుల్ ఢిల్లీలో, జవాహర్‌లాల్ నెహ్రూ విశ్వవిద్యాలయంలో అతిథి ఆచార్యుడిగా ఉన్నారు. పోఖ్రాన్ అణుపరీక్ష 1974 మేలో జరిగింది. 1968 నాటి అణ్వస్త్ర వ్యాప్తి నిరోధక ఒప్పందం మీద మనం సంతకం పెట్టలేదు. ఆయుధ నియంత్రణే వృత్తిగా పెట్టుకున్న మనిషికి అంతకన్నా ఇరుకైన చోటు ఉండదు. 1975లో, వ్యాప్తి నిరోధాన్ని మళ్లీ ఆలోచించాలంటూ ఆయన ఒక వ్యాసం ప్రచురించారు. ఢిల్లీయే ఆయన్ని మార్చిందని నేను అనను. పండితుల మనసు అంత తేలిగ్గా తిరగదు. అయితే ఆ దశకం తర్వాత ఆయన రాతల్లో న్యాయం అన్న ప్రశ్న బరువెక్కింది. ‘ది అనార్కికల్ సొసైటీ’లో క్రమానిదే పైచేయి. 1983లో కెనడాలోని వాటర్లూ విశ్వవిద్యాలయంలో ఇచ్చిన హేగీ ఉపన్యాసాలకు అంశమే న్యాయం. పేద దేశాల కోరికలకు చోటివ్వని క్రమం ఎక్కువకాలం నిలవదన్న దగ్గరికి ఆయన వచ్చారు.

1984లో ఆడమ్ వాట్సన్‌తో కలిసి సంపాదకత్వం వహించిన ‘ది ఎక్స్‌పాన్షన్ ఆఫ్ ఇంటర్నేషనల్ సొసైటీ’లో, పాశ్చాత్యుల ఆధిపత్యం మీద తిరుగుబాటును ఆయన ఐదు పోరాటాలుగా విడదీశారు: సమాన సార్వభౌమత్వం, వలసపాలన అంతం, జాతి సమానత్వం, ఆర్థిక న్యాయం, సాంస్కృతిక విముక్తి. మొదటి నాలుగింటికీ తిరగబడినవాళ్లు వాడింది చాలావరకు పాశ్చాత్యుల వాదాలనే అని గుర్తుచేయడం మానలేదు. మన పక్షాన నిలబడకుండానే మన మాట పూర్తిగా విన్న మనిషి ఆయన.

ఆయన పోయాక ప్రపంచం తిరిగిన తీరు మీకు తెలుసు. 2001లో గోల్డ్‌మన్ శాక్స్ ఆర్థికవేత్త జిమ్ ఓనీల్ బ్రెజిల్, రష్యా, భారత్, చైనా నాలుగింటినీ కలిపి బ్రిక్ అన్నాడు. 2009లో యెకతెరిన్‌బర్గ్‌లో ఆ నలుగురు నాయకులూ నిజంగానే కూర్చుని శిఖరాగ్ర సమావేశం జరిపారు. బ్యాంకువాళ్లు పెట్టిన పేరు మీద విశ్వవిద్యాలయాలు పరిశోధన కేంద్రాలు తెరిచాయి! బుల్ దగ్గర చదువుకున్న ఆండ్రూ హరెల్ లాంటివాళ్లు ఈ హడావుడికి కొంత లోతు తెచ్చారు. అమృతా నార్లికర్ అయితే తన తల్లి అరుణా నార్లికర్‌తో కలిసి, ఎదుగుతున్న భారతదేశం బేరమాడే తీరును మహాభారతం వెలుగులో చదివారు. రాయబారం పద్యాలు కంఠతా వచ్చిన మన జిల్లాల్లో ఆ పుస్తకం మీద ఇంకా చాలా చర్చ జరగాల్సింది.

మన దగ్గర ఎదుగుతున్న దేశాల విషయం మీద వచ్చే రాతల్లో ఎక్కువ భాగం కుర్చీల లెక్క. భద్రతా మండలిలో ఎనిమిదిసార్లు తాత్కాలిక సభ్యులం, శాశ్వత స్థానం ఎప్పుడు? అంతర్జాతీయ ద్రవ్యనిధి కోటాల సంస్కరణ 2010లో ఒప్పుకుని 2016లో అమలుచేశారు, మన వాటా 2.75 శాతమేనా? ఈ ప్రశ్నలు న్యాయమైనవే. కానీ బుల్ అడిగే రెండో సగం ఎవరూ అడగరు: ఆ కుర్చీలో కూర్చుని ఎవరి భారం మోస్తాం? 2023లో ఢిల్లీలో ఆఫ్రికన్ యూనియన్‌ను జి-20లో చేర్చుకున్న సందర్భం ఈ కోణంలో చాలా విలువైనది. దాన్ని మన పత్రికలు దౌత్య విజయంగా చాటాయి. తనకు దొరికిన చోటును ఇంకొకరికి తెరవడంగా చదివినవాళ్లు తక్కువ.

పరిష్కారాల కోసం, ప్రభుత్వానికి సలహాల కోసం వెతుకులాట ఈ శాస్త్రాన్ని పాడుచేస్తోందని బుల్ ‘ది అనార్కికల్ సొసైటీ’ ముగింపులో చెప్పారు. రెండేళ్లు ప్రభుత్వంలో పనిచేసి వచ్చిన మనిషి ఆ మాట అనడం గమనించండి. మన విశ్లేషకుల్లో చాలామంది లోపల ఒక సర్కారీ వకీలు కూర్చుని ఉంటాడు. దేశం ఎదుగుతున్న కాలంలో వాణ్ణి బయటికి పంపడం మరీ కష్టం.

బుల్‌లోనూ ఒక పెద్ద లోటుంది. ఆయన కథ యూరప్‌లో మొదలై బయటికి విస్తరిస్తుంది. మిగతా మనమంతా తర్వాత చేరినవాళ్లం. ఈ కథను ఎదిరించే సాక్ష్యం మన పక్కనే తయారైంది. 1950లలో మద్రాసు విశ్వవిద్యాలయంలో పనిచేసిన న్యాయశాస్త్రవేత్త సి.హెచ్. అలెగ్జాండ్రోవిచ్, తూర్పు దేశాల ప్రభువులూ యూరప్ కంపెనీలూ చేసుకున్న పాత ఒడంబడికలు తిరగేసి, 18వ శతాబ్దం దాకా అవి చాలావరకు సరిసమానుల మధ్య జరిగిన ఏర్పాట్లేనని 1967 నాటి పుస్తకంలో వాదించారు. మచిలీపట్నంలో వ్యాపారానికి ఇంగ్లీషు కంపెనీ 1632లో గోల్కొండ సుల్తాను అబ్దుల్లా కుతుబ్‌షా నుంచి ‘బంగారు ఫర్మానా’ పొందింది. ఏడాదికి 500 పగోడాల సుంకం కట్టి ఆ రాజ్యపు రేవుల్లో వ్యాపారం చేసుకోవచ్చు. అడిగింది కంపెనీ, ఇచ్చింది సుల్తాను. అంతర్జాతీయ సంఘంలో ఆ రోజు ఎవరు ఎవరిని చేర్చుకున్నట్టు?

దీనికి జవాబు చెప్పాలంటే గోల్కొండ దర్బారు పార్శీ, కంపెనీల ఇంగ్లీషు, డచ్చి, రేవు పట్నాల తెలుగు కలిపి చదవగలిగేవాళ్లు కావాలి. రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అంతర్జాతీయ సంబంధాల విద్యార్థికి పార్శీ నేర్పే ఏర్పాటు ఉండాలని నా కోరిక. నిర్వాహకులకు ఒక విన్నపం. ఈ నిధి వడ్డీతో ఏటా మాలాంటివాళ్లను పిలిచి శాలువా కప్పే బదులు, మూడేళ్లపాటు ఒక పరిశోధకుడికి భృతి ఇవ్వండి. ఆ మూడేళ్లూ ఈ వేదిక ఖాళీగా ఉన్నా ఆచార్యులవారు ఏమీ అనుకోరు.