ఓవర్‌టైం లెక్కలో ఖాళీ గడి

షార్జాలోని రోలా నుంచి మాట్లాడుతున్నాను. ఒకప్పుడు ఇక్కడున్న పెద్ద మర్రిచెట్టు వల్ల ఈ పేటకు ఆ పేరొచ్చింది. ఆ చెట్టు ఇప్పుడు లేదు. కానీ సెలవు రోజున మనవాళ్లు చేరే చోటు ఇదే. నలుగురు కలిస్తే వచ్చే మొదటి ప్రశ్న, "ఈ నెల ఓటీ ఎంత పడింది?" అని.

నేను చిన్న కంపెనీలకు లెక్కలు రాస్తుంటాను. కొన్నిచోట్ల ఓటీ లెక్క మైక్రోసాఫ్ట్ యాక్సెస్‌లో ఉంటుంది. మెయిన్ ఫారంలో కార్మికుడి పేరు, నెల. దాని లోపలి సబ్‌ఫారంలో రోజుకో వరుస: పగటి ఓటీ గంటలు, రాత్రి ఓటీ గంటలు, గంట రేటు, ఆ రోజు సొమ్ము. నెల మొత్తం పైన మెయిన్ ఫారంలో కనబడాలి. ఈరోజు ఆ మొత్తం గురించే చెబుతాను.

ముందు చట్టం. 2022 ఫిబ్రవరి 2 నుంచి అమల్లో ఉన్న కార్మిక చట్టం ప్రకారం ఓవర్‌టైంకు బేసిక్ జీతం లెక్కన వచ్చే గంట రేటు మీద కనీసం 25 శాతం, రాత్రి 10 నుంచి తెల్లవారుజాము 4 లోపు అయితే 50 శాతం కలిపి ఇవ్వాలి. షిఫ్టుల వాళ్లకు ఈ రాత్రి రేటు వర్తించదు.

ఇక యాక్సెస్ సంగతి. రోజు సొమ్ము అనేది ఫారం మీద లెక్కకట్టిన గడి. టేబుల్లో ఉండదు. అందుకే ఆ గడి పేరు పెట్టి సమ్ అడిగితే ఎర్రర్ వస్తుంది. సబ్‌ఫారం ఫుటర్‌లో ఒక టెక్స్ట్ బాక్స్ పెట్టి, సమ్ బ్రాకెట్లో గంటలు, రేట్ల గుణకారం మొత్తం మళ్లీ రాయండి. లేదా ఆ గుణకారాన్ని క్వెరీలోనే చేసి, ఆ కాలమ్‌ను కూడండి. డేటాషీట్‌లో ఫుటర్ కనబడదు, అయినా లెక్క జరుగుతుంది.

తర్వాత మెయిన్ ఫారం బాక్సులో సబ్‌ఫారం కంట్రోల్ పేరు, ఫారం అన్న మాట, ఫుటర్ బాక్సు పేరు వరుసగా ఇవ్వాలి. కంట్రోల్ పేరు, సబ్‌ఫారం పేరు ఒక్కోసారి వేరుగా ఉంటాయి. చూసుకోండి.

ఎర్రర్ వస్తే ఫరవాలేదు, కంటికి కనబడుతుంది. భయపడాల్సింది కనబడని తప్పుకు. గంటకు 8 దిర్హమ్‌లనుకోండి. పగలు 2 గంటల ఓటీ చేస్తే 20 దిర్హమ్‌లు. రాత్రి పని లేదు కదా అని గుమాస్తా ఆ గడి ఖాళీగా వదిలేశాడు. యాక్సెస్‌కు ఖాళీ అంటే సున్నా కాదు, విలువ తెలియదని అర్థం. 20కి తెలియనిది కలిపితే ఆ రోజు సొమ్మే ఖాళీ అవుతుంది. సమ్ ఆ వరుసను వదిలేసి మిగతావి కూడుతుంది. ఎర్రర్ రాదు. ఇలా 20 రోజులైతే 400 దిర్హమ్‌లు పోయినట్టే.

మందు చిన్నదే. ప్రతి గంటల గడినీ ఎన్‌జెడ్ ఫంక్షన్‌లో పెట్టి, కామా తర్వాత సున్నా ఇవ్వండి. ఫుటర్‌లోనూ అలాగే రాయండి. టేబుల్లో డిఫాల్ట్ విలువ సున్నా పెట్టండి.

లెక్క రాసే అన్నదమ్ములకు, అక్కచెల్లెళ్లకు ఒక మనవి. మొత్తం అంకె ఒక్కటే కాకుండా రోజువారీ వరుసలు కూడా ప్రింటు తీసి కార్మికుడి చేతికివ్వండి. తన గంటలు తనకు గుర్తుంటాయి. ఏ రోజు సొమ్ము ఖాళీగా ఉందో ఆయనే ముందు చూస్తాడు.