ప్రోగ్రామింగు గ్రంథములో ఏ ఫ్రేమ్‌వర్కులకు చోటీయవలెను?



విద్యార్థులకై ప్రోగ్రామింగు గ్రంథము రచింపబూనిన వారికి మొదట ఎదురగు చిక్కు ఒకటి కలదు: ఏ ఫ్రేమ్‌వర్కులను చేర్చవలెను, వేనిని విడువవలెను? కొలువులలోనున్న పూర్వవిద్యార్థులు సరిక్రొత్తవి కోరుదురు. పుస్తకము కొనిపెట్టు తల్లిదండ్రులు అది నాలుగేండ్లైన పనికివచ్చునా అని అడుగుదురు. రెండును న్యాయమైన కోరికలే.

ఫ్రేమ్‌వర్కు అనగా చట్రము. కోవిల్‌పట్టి, విరుదునగరు ప్రాంతములవారికి దీనిని వివరించుట సులభము. అగ్గిపెట్టెల పని చేతులతో సాగిన కాలమున పుల్లలను ఎడమెడముగా చట్రములో పేర్చి, ఒక్కమారుగా మందులో ముంచెడివారు. చట్రము శ్రమను తగ్గించును. కాని మందు ఏల మండునో చెప్పదు. ఆనాడు చట్రములు నింపిన చేతులలో పసిచేతులును కలవు. 1986 నాటి చట్టము అగ్గిపెట్టెల తయారీలో బాలలను నియోగించుటను నిషేధించినది. అట్టి సీమలోని బిడ్డలకు నేడు కేవలము మరియొక చట్రము నింపుటనే నేర్పిన, అది విద్య కానేరదు.

పైగా చట్రముల ఆయువు స్వల్పము. 2010లో వెలువడిన యాంగులర్ జేఎస్ స్థానమున 2016లో పూర్తిగా తిరగవ్రాసిన యాంగులర్ వచ్చినది. పాతదానికి 2021 చివరతో ఆదరణ నిలిచిపోయినది. భాషలకును మార్పు తప్పలేదు. పైథాన్ 2కు 2020 జనవరి 1తో కాలము తీరినది. అందలి ప్రింట్ వాక్యము పైథాన్ 3లో దోషమగును. కాని 1970ల నాటి ఎస్‌క్యూఎల్ నేటికిని సేవచేయుచున్నది. తమిళనాడు ప్రభుత్వ పాఠ్యప్రణాళిక 2018లో పదకొండవ తరగతికి సీ ప్లస్‌ప్లస్‌ను, 2019లో పండ్రెండవ తరగతికి పైథాన్‌ను, ఎస్‌క్యూఎల్‌ను ఉంచినది; ఫ్రేమ్‌వర్కులకంటె మూలములకే పెద్దపీట వేసినది.

అట్లని చట్రములను పూర్తిగా విడుచుటయు తగదు. తన చేతిపని తెరపై కనబడనిచో బాలుని ఉత్సాహము సన్నగిల్లును. కావున మూడు ప్రశ్నలు వేయవలెను. అది మూలసూత్రమును కప్పివేయునా, చూపునా? ఇంటర్నెట్టు లేని వేళ పాఠశాలలోని సాధారణ కంప్యూటరుపై నడచునా? బాలుడు ఒక వారములో చిన్నపని పూర్తిచేయగలడా?

ఈ గీటురాయిపై ఫ్లాస్క్ నిలుచును. కొద్ది పంక్తులతోనే ఒక పుట తెరపై కనబడును. విస్తారమైన జాంగోకు ఒక పరిచయాధ్యాయము చాలును. ఉద్యోగములకు మిక్కిలి ఉపకరించు రియాక్ట్‌ను జావాస్క్రిప్టు నేర్చిన పిదప వేరొక చిన్న పొత్తములో, ఎప్పటికప్పుడు సవరించి ఈయవచ్చును. ప్రతి అధ్యాయము మొదట వెర్షను సంఖ్యను, సంవత్సరమును ముద్రింపవలెను.

మరియొక విశేషము: పైథాన్ 3లో చలరాశులకు తెలుగు లిపిలో పేర్లు పెట్టవచ్చును. ఇంట తెలుగు, వీథిలో తమిళము, యంత్రముపై ఆంగ్లము వినవచ్చు ఈ నల్లరేగడి సీమలో, “పత్తి”, “ధర” అని వ్రాసి లెక్కకట్టు బాలునికి యంత్రము పరాయిది కాదు.

చట్రములు మారుచుండును; ఆలోచన నిలుచును. నిలుచుదానిని నేర్పుచు ఈ విద్యాలయము మరింత వర్ధిల్లుగాక!