వేపచెట్టున్న ఇల్లు

ఆర్కిటెక్చర్ పట్టభద్రులారా,

సౌదీ అరేబియాలోని జెద్దా పాతబస్తీ అల్-బలద్‌లో ఒకప్పుడు దారి చెప్పడానికి ‘చెట్టున్న ఇల్లు’ అంటే చాలు. ఆ చెట్టు మన వేపచెట్టే. నీటికి కటకటలాడిన ఆ ఊళ్లో చాలాకాలం పెద్ద చెట్టు అదొక్కటే అంటారు. ఇంటి పేరు బైత్ నసీఫ్. వర్తకుడు ఒమర్ నసీఫ్ ఎఫెందీ 1872లో మొదలుపెట్టిస్తే 1881కి పూర్తయింది.

ఆ పని మొదలవడానికి పుష్కరం ముందు లండన్ దగ్గర ఫిలిప్ వెబ్ తన మిత్రుడు విలియం మోరిస్ కోసం రెడ్ హౌస్ కట్టాడు. యంత్రాల సరుకు మీద విసుగెత్తి చేతిపనికి పెద్దపీట వేసిన ‘ఆర్ట్స్ అండ్ క్రాఫ్ట్స్’ ఉద్యమానికి అది తొలి ఇళ్లలో ఒకటి. జెద్దా మేస్త్రీలకు ఆ ఉద్యమంతో పనిలేదు. చేతిలో పని ఉంది, అంతే.

బైత్ నసీఫ్ గోడ దగ్గరకెళ్లి చూడండి. ఎర్రసముద్రపు పగడపు రాయి, మధ్యమధ్య అడ్డంగా చెక్క దూలాలు, పైన సున్నపు పూత. ఆ రాయి మెత్తనిది; ఉప్పుగాలికి రాలిపోతుంది. అందుకే కొన్ని వరసలకొక దూలం పరిచి బరువును గోడంతా పంచారు. వీధివైపు పొడుచుకొచ్చిన చెక్క కిటికీలు రవాషీన్. పలకల సందుల్లోంచి గాలి వస్తుంది, లోపలివాళ్లు వీధిని చూస్తారు, వీధికి వాళ్లు కనబడరు. ఇలాంటి ఇళ్లకు టేకు మన దేశం నుంచీ, జావా నుంచీ ఓడల్లో వచ్చేది. బైత్ నసీఫ్ మెట్లు ఎంత వెడల్పంటే, సరుకు మోసుకుని ఒంటెలు పైకెక్కేవని చెప్పుకుంటారు!

1925 డిసెంబరులో జెద్దా తనకు లొంగిపోయాక సౌదీ అరేబియా స్థాపకుడు అబ్దుల్ అజీజ్ రాజు బస చేసింది ఇక్కడే. తర్వాత ఆ కుటుంబానికే చెందిన ముహమ్మద్ నసీఫ్ దాన్ని పుస్తకాలతో నింపి, చదువుకునేవాళ్లకు తలుపులు తెరిచాడు. ఆ 16 వేల పుస్తకాలూ ఇప్పుడు కింగ్ అబ్దుల్ అజీజ్ యూనివర్సిటీ లైబ్రరీలో ఉన్నాయి. ఇల్లు మ్యూజియం, సాంస్కృతిక కేంద్రం అయింది.

చుట్టుపక్కల ఇళ్లకు ఈ అదృష్టం పట్టలేదు. చమురు డబ్బు వచ్చాక యజమానులు ఏసీ విల్లాలకు తరలిపోయారు. గదులు ముక్కలై వలస కార్మికులకు అద్దెకెళ్లాయి. కొన్ని కాలిపోయాయి, కొన్ని కూలిపోయాయి. 2014లో ఈ పాతబస్తీకి యునెస్కో గుర్తింపు వచ్చేసరికే చాలా నష్టం జరిగిపోయింది.

రేపు మీలో చాలామంది గాజు టవర్ల డ్రాయింగులు గీస్తారు. గీయండి, తప్పేం లేదు. కానీ మీ ఊళ్లో మండువా లోగిలి పడగొట్టే పని చేతికొస్తే, ముందు టేపు పట్టుకెళ్లి కొలతలు రాసుకోండి. దాని చెక్కపని చేసిన వడ్రంగి ఎవరో తెలిసిన పెద్దలుంటే, అతని పేరు కూడా అడిగి రాసుకోండి.