మావయ్య స్ప్లెండర్ అంటాడు, మావాడు ఆర్15 అంటాడు

ఈ ఎపిసోడ్‌లో ఫోన్ రివ్యూ లేదు, జాబ్ టిప్స్ లేవు. మా ఇంట్లో జరిగిన ఒక పంచాయితీ ఉంది. మీలో చాలామంది ఇళ్లలో కూడా ఇదే నడుస్తూ ఉంటుందని నా అనుమానం.

మా మావయ్య వాళ్లది రేపల్లె. ఎరువుల కొట్టు. వాళ్లబ్బాయి, అంటే నాకు బావమరిది, తెనాలిలో ఇంటర్ అయిపోగొట్టాడు. రెండేళ్లూ పొద్దున్నే రేపల్లె ప్యాసింజర్ ఎక్కి భట్టిప్రోలు, వేమూరు మీదుగా తెనాలి వెళ్లడం, సాయంత్రం మళ్లీ అదే రైలుకోసం ప్లాట్‌ఫారం మీద కూర్చోవడం. ఇప్పుడు బాపట్లలో బీటెక్ చేరదామని ప్లాను. రేపల్లె నుంచి బాపట్లకి రైల్లో వెళ్లాలంటే ముందు తెనాలి వెళ్లి, అక్కడ బండి మారి, మళ్లీ కిందికి రావాలి. ముక్కు ఎక్కడుందిరా అంటే తల చుట్టూ చెయ్యి తిప్పి చూపించినట్టు. రోడ్డు మీదైతే 216 హైవే, యాభై కిలోమీటర్లకి అటూ ఇటూ. అందుకని వాడు బండి అడిగాడు. అడగడంలో తప్పేం లేదు, నిజంగా అవసరమే.

గొడవ ఎక్కడొచ్చిందంటే వాడు అడిగింది యమహా ఆర్15. మావయ్య ఇస్తానన్నది ఇంట్లో ఉన్న 2012 స్ప్లెండర్.

నేను ఎండాకాలంలో ఊరెళ్లేసరికి ఇద్దరూ మాట్లాడుకోవడం మానేసి పది రోజులైంది. అత్తయ్య మధ్యలో పోస్టుమ్యాన్ ఉద్యోగం చేస్తోంది. "మీ నాన్నకి చెప్పు", "నీ కొడుక్కి చెప్పు". నన్ను చూడగానే ఇద్దరికీ ప్రాణం లేచొచ్చింది. నేను ఐదేళ్లు సాఫ్ట్‌వేర్‌లో చేశాను కదా, ఏ వస్తువు గురించైనా తీర్పు చెప్పగలనని వాళ్ల నమ్మకం.

మావయ్య వాదన: "అల్లుడూ, అది బండి కాదు, బాణం. దాని మీద కూర్చుంటే ఎవుడైనా తొక్కుతాడు. హైదరాబాద్‌లో సాయిధరమ్ తేజ్‌కి ఏమైందో టీవీలో చూళ్లా?"

మావాడి వాదన: "బావా, ఆయన బతికిందే హెల్మెట్ వల్ల. నేనూ పెట్టుకుంటాగా."

గమనించారా, ఇద్దరూ ఒకే సంఘటన చెప్తున్నారు. 2021 సెప్టెంబర్ 10, వినాయక చవితి రోజు రాత్రి, దుర్గం చెరువు కేబుల్ బ్రిడ్జి దాటాక సాయిధరమ్ తేజ్ గారి ట్రయంఫ్ బండి రోడ్డు మీద ఇసుకలో జారింది. హెల్మెట్ ఉంది. అయినా నెలకి పైగా ఆస్పత్రిలో ఉన్నారు. హెల్మెట్ ఆయన్ని బతికించిందన్నది నిజం, ఇసుక మీద నిలబెట్టలేకపోయిందన్నది కూడా నిజం. ఇద్దరూ చెరో సగం పట్టుకుని కొట్టుకుంటున్నారు.

సరే, ముందు బండ్ల సంగతి చూద్దాం. మన ఇళ్లలో గొడవంతా సీసీ మీదే నడుస్తుంది. నిజానికి సీసీ ఒక్కటే చూస్తే ఏమీ తెలియదు. స్ప్లెండర్ 97 సీసీ, సుమారు 8 హార్స్ పవర్. ఆర్15 155 సీసీ, 18 దాకా. సీసీలో తేడా ఒకటిన్నర రెట్లే, పవర్‌లో రెట్టింపు దాటింది. ఇంకో పక్క యూనికార్న్ ఉంది చూడండి, అది 162 సీసీ, ఆర్15 కంటే పెద్ద ఇంజినే, పవర్ మాత్రం 13 దగ్గరే. సీసీ చూసి భయపడేవాళ్లు యూనికార్న్‌కి ఎక్కువ భయపడాలి మరి!

ఇప్పుడు మావయ్యకి నచ్చని మాట. బ్రేకుల విషయంలో ఆర్15 చాలా మెరుగు. రెండు డిస్కులు, రెండు చక్రాలకీ ఏబీఎస్. మన దేశంలో 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాటిన కొత్త బండ్లన్నిటికీ ఏబీఎస్ తప్పనిసరి చేశారు. 125, అంతకంటే తక్కువ వాటికి అప్పట్లో సీబీఎస్ ఉంటే చాలన్నారు, అంటే ఒక బ్రేకు నొక్కితే రెండోది కూడా కొంత పడుతుంది. మావయ్య స్ప్లెండర్ 2012ది. అదీ లేదు, ఇదీ లేదు. ముందూ వెనకా డ్రమ్ములే. "పాత బండి కదా, సేఫ్" అనే మాట మనం ఎక్కడ నేర్చుకున్నామో నాకైతే అర్థం కాదు.

మావాడికి నచ్చని మాట కూడా చెప్పాను. బ్రిటన్‌లో పదిహేడేళ్లవాడికి ఇచ్చే లైసెన్సు 125 సీసీ, 11 కిలోవాట్ల వరకే. అంటే దాదాపు 15 హార్స్ పవర్. పంతొమ్మిదికి 35 కిలోవాట్ల దాకా ఇస్తారు. ఏ బండైనా తోలాలంటే నేరుగా వెళ్తే 24 ఏళ్లు రావాలి. మెట్టు మెట్టుగా ఎక్కిస్తారు. మన దగ్గర పద్దెనిమిది నిండిన రోజు నుంచి గేర్ బండి లైసెన్సు ఒకటే, స్ప్లెండర్ అయినా వెయ్యి సీసీ అయినా. 2011 సెప్టెంబర్‌లో అజారుద్దీన్ గారి పంతొమ్మిదేళ్ల అబ్బాయి హైదరాబాద్ ఔటర్ రింగ్ రోడ్డు మీద వెయ్యి సీసీ సుజుకీ మీద పోయాడు. వెనక కూర్చున్న పదహారేళ్ల బంధువు కూడా దక్కలేదు. ఔటర్ మీదకి అసలు టూవీలర్లకి పర్మిషనే లేదు. మెట్లు చట్టం కట్టకపోతే ఇంట్లోవాళ్లు కట్టుకోవాల్సిందే. ఆ లెక్కన మొదటి బండికి 15 హార్స్ పవర్ లోపు అనేది నాకు సబబుగా అనిపించింది.

మావాడు మొహం ముడుచుకున్నాడు. "నేను నాలుగేళ్లుగా తోలుతున్నా బావా. నాకు కొత్తేం కాదు."

నాలుగేళ్లు! వాడికి ఇంకా పద్దెనిమిది నిండలేదు. అంటే తొమ్మిదో తరగతి నుంచి. ఎవరిచ్చారు బండి? మావయ్యే. మధ్యాహ్నం కొట్టుకి క్యారేజీ పట్టుకొచ్చేది ఎవరు మరి? లైసెన్సు లేదు, హెల్మెట్ లేదు, "ఊళ్లోనేగా" అని తాళం చేతిలో పెట్టారు. ఆర్15 అంటే ప్రాణం పోతుందని భయపడుతున్న మనిషే, పద్నాలుగేళ్ల పిల్లోడిని బస్టాండు సెంటర్‌లోకి తోలాడు.

ఇది మా మావయ్య ఒక్కడి కథ కాదు, తెనాలి, బాపట్ల, ఎక్కడ చూసినా ఇదే. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టంలో 199ఏ అని ఒక సెక్షన్ ఉంది. మైనర్ బండి తోలి నేరం జరిగితే శిక్ష తల్లిదండ్రులకి లేదా బండి ఓనర్‌కి. మూడేళ్ల దాకా జైలు, 25,000 జరిమానా, బండి రిజిస్ట్రేషన్ ఏడాది రద్దు. ఆ పిల్లోడికి 25 ఏళ్లు వచ్చేదాకా లైసెన్సు రాదు. పదహారు నిండితే తోలొచ్చు కదా అంటారు, అది 50 సీసీ లోపు గేర్ లేని బండికి. స్ప్లెండర్‌కి కాదు. ఇది చదివి వినిపిస్తే మావయ్య కాసేపు ఏం మాట్లాడలేదు. "అందరూ ఇస్తున్నారుగా" అన్నాడు చివరికి, కానీ గట్టిగా అనలేదు.

మర్నాడు పొద్దున్నే ఇద్దర్నీ తెలిసినవాళ్ల వెంచర్‌కి తీసుకెళ్లా. ప్లాట్లు వేసి, రోడ్లు పోసి, ఎవరూ ఇల్లు కట్టకుండా వదిలేసిన రకం, గేటు వేసి ఉంటుంది. స్ప్లెండర్ నేనే తోలుకెళ్లా. సుద్దముక్కతో రోడ్డు మీద అడ్డంగా గీత గీశా. "నలభైలో రా. గీత మీదకి రాగానే బ్రేకు కొట్టు. ఎంత దూరంలో ఆపుతావో చూద్దాం." నా హెల్మెట్ వాడికి పెట్టా.

వచ్చాడు. కొట్టాడు. వెనక చక్రం బిగుసుకుపోయి పాములా అటూ ఇటూ ఊగింది, నా గుండె ఝల్లుమంది. ఆగాడు. కొలిచా. ఇరవై అంగలు.

"ముందు బ్రేకు పట్టుకున్నావా?"

"లేదు బావా. ముందు బ్రేకు పట్టుకుంటే పల్టీ కొడతామని నాన్న చెప్పాడుగా."

నాలుగేళ్లు బండి తోలినవాడు, ఒక్కసారి కూడా ముందు బ్రేకు సరిగ్గా వాడలేదు. మావయ్య వైపు చూశా. "మా నాన్న నాకట్టానే చెప్పాడల్లుడూ" అన్నాడు.

దీని వెనక పెద్ద సైన్సేం లేదు. బ్రేకు వేయగానే బరువంతా ముందుకి తోసుకొస్తుంది. బస్సులో సడెన్ బ్రేకు కొడితే మనం ముందు సీటుకి గుద్దుకోమూ, అదే. అప్పుడు ముందు చక్రం రోడ్డుని గట్టిగా పట్టుకుంటుంది, వెనకది తేలికైపోతుంది. తేలికైన చక్రానికి ఎంత బ్రేకు వేసినా జారుతుందే కానీ ఆగదు. బండిని ఆపే పని ఎక్కువ భాగం ముందు బ్రేకుదే. పల్టీ కొట్టేది ఎప్పుడంటే, ఒక్కసారిగా లాగి పట్టేసినప్పుడు. నిమ్మకాయ పిండినట్టు మెల్లగా మొదలుపెట్టి బలం పెంచుకుంటూ పోవాలి, వెనకది కూడా కలిపి. మలుపులో బండి వంగి ఉన్నప్పుడు, ఇసుక మీద, దాని జోలికి పోకూడదు.

ఇరవైలో మొదలుపెట్టి ఒక గంట చేయించా. ఎనిమిదోసారో తొమ్మిదోసారో నలభైలో పదమూడు అంగల్లో ఆపాడు. అదే బండి, అదే డ్రమ్ములు. ఏడు అంగలు తగ్గాయి. ఏడు అంగలంటే మన రోడ్ల మీద ఒక గేదె, ఒక స్కూలు పిల్ల.

అప్పుడు లెక్క చెప్పా. నలభైలో సెకనుకి పదకొండు మీటర్లు పోతాం, ఎనభైలో ఇరవై రెండు. అడ్డమేదో కనబడి చెయ్యి బ్రేకు మీదకి వెళ్లేలోపే ఆ సెకను అయిపోతుంది. బ్రేకు పడ్డాక ఆగే దూరం రెట్టింపు కాదు, నాలుగింతలు. ఆర్15కి ఎనభై అంటే ఆటలా ఉంటుంది, అదే దాంతో చిక్కు. మన దారి ఎలా ఉంటుందో మీకు తెలుసు. ఏప్రిల్‌లో రోడ్డు మీద మొక్కజొన్న ఆరబోస్తారు, చుట్టూ రాళ్లు పెడతారు, గింజలు ఎత్తుకెళ్తారు కానీ రాళ్లు అక్కడే ఉంటాయి. రొయ్యల లారీల నుంచి నీళ్లు కారుతుంటాయి. రాత్రిపూట వెనక లైటు లేని గడ్డి ట్రాక్టరు. పక్కన కాలవ, గట్టుకి గోడ ఉండదు.

తిరిగి ఇంటికొచ్చాక మావయ్య నన్ను పక్కకి పిలిచాడు.

నేను బీటెక్ రెండో సంవత్సరంలో ఉండగా ఫ్రెండ్ బండి మీద సూర్యలంక బీచ్‌కి వెళ్లి, తిరిగొస్తూ మలుపులో ఇసుక మీద ముందు బ్రేకు లాగి పడ్డా. కాలర్ బోన్ విరిగింది. హెల్మెట్ ట్యాంకు మీద ఉంది, తల మీద కాదు. తలకి దెబ్బ తగల్లేదంటే అది అదృష్టం తప్ప నా గొప్పేం కాదు. ఆ రాత్రి ఆస్పత్రికి వచ్చింది మావయ్యే. డబ్బు కట్టి, మా అమ్మకి "మెట్ల మీంచి పడ్డాడు" అని చెప్పిందీ ఆయనే.

"నీకు మందిచ్చి పడుకోబెట్టారు, నీకు గుర్తుండదు" అన్నాడు. "నేను తెల్లార్లూ కూర్చున్నా. మీవాడు బండి బండి అన్నప్పుడల్లా నాకు ఆ మంచమే కనపడుద్ది. వాడికెట్టా చెప్పను?"

నాకు నోట మాట రాలేదు. పది రోజులుగా వాళ్లింట్లో గొడవకి మొదటి కారణం నేనే అన్నమాట. ఆ మధ్యాహ్నం వాడికి నా కాలర్ బోన్ కథ మొత్తం నేనే చెప్పా, మెట్లు అబద్ధమని కూడా. ఇప్పుడు ఈ వీడియోతో అమ్మకి కూడా తెలిసిపోతుంది, సారీ అమ్మా.

2022లో మన దేశంలో రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారని కేంద్ర రోడ్డు రవాణా శాఖ లెక్క. అందులో హెల్మెట్ పెట్టుకోనివాళ్లు 50,029 మంది, వెనక కూర్చున్నవాళ్లతో కలిపి. అందుకే మా పంచాయితీలో బండి కంటే ముందు హెల్మెట్ కొన్నాం. ఐఎస్ఐ మార్కు ఉన్నది, తలకి బిగుతుగా పట్టేది, తెనాలిలో కొన్నాం. రోడ్డు పక్కన అమ్మే టోపీ రకం కాదు.

తీర్పు సగమే కుదిరింది. జూన్‌లో పద్దెనిమిది నిండగానే ఎల్ఎల్ఆర్, ముప్పై రోజులాగి డ్రైవింగ్ టెస్టు. అప్పటిదాకా స్ప్లెండర్ తాళం మావయ్య దగ్గరే. క్యారేజీ లేదు, మధ్యాహ్నం ఇంటికే వచ్చి తినెళ్తున్నాడు, అత్తయ్య విసుక్కుంటోంది. బండి విషయంలో నేను సెకండ్ హ్యాండ్ యూనికార్న్ అన్నా. 13 హార్స్ పవర్, ముందు చక్రానికి ఏబీఎస్, వెనక మనిషి కూర్చోగలిగే సీటు. మావాడు "అది బ్యాంకు ఉద్యోగుల బండి బావా" అన్నాడు. మావయ్య 125 చాలంటున్నాడు, ఇన్సూరెన్స్ కూడా తక్కువ. అది నిజమే, 2022 రేట్ల ప్రకారం కొత్త బండికి ఐదేళ్ల థర్డ్ పార్టీ 150 సీసీ దాకా 3,851, అది దాటితే 7,365. వాడి ఫోన్ వాల్‌పేపర్ మీద ఇంకా ఆర్15 ఉంది. కానీ ఇద్దరూ నేరుగా మాట్లాడుకుంటున్నారు, అరుచుకుంటూనే.

మొన్న రాత్రి మావయ్య ఫోన్ చేశాడు. "అల్లుడూ, పొద్దున ఎవురికీ చెప్పకుండా ఆ వెంచర్‌కి పోయా. ముందు బ్రేకు కూడా పట్టి చూశా. పదిహేను అంగలొచ్చింది. మీవాడికి పదమూడు ఎట్టా వచ్చిందిరా?"

సరే ఫ్రెండ్స్, ఉంటాను.