యంత్రమునకు పద్దు తెలియునా?

(సేత్తూరు పాఠశాల వార్షికోత్సవమున చేసిన ప్రసంగము)



మన రాజపాళయమున పి. ఎ. సి. రామస్వామిరాజాగారు 1936లో నూలుమిల్లు స్థాపించిరి. నాడు లెక్కలన్నియు చేతివ్రాతయే. ఆ కుటుంబమువారి రామ్‌కో సిస్టమ్స్ నేడు వ్యాపారసంస్థల లెక్కలు చూచు కంప్యూటరు వ్యవస్థలను తయారుచేయుచున్నది. “పద్దులిక యంత్రమే వ్రాయును, పిల్లలకు నేర్పుట ఏల?” అని కొందరు మమ్మడుగుచున్నారు.

ఒక వర్తకుడు పదివేల రూపాయల నూలు అరువుకు కొనెననుకొందము. పూర్వము గుమాస్తా చిట్టాలో వ్రాసి, పిమ్మట ఆవర్జాలో కొనుగోలు ఖాతాకును, అమ్మినవాని ఖాతాకును వేరువేరుగా ఎక్కించెడివాడు. ఇప్పుడు ఒక్కసారి వ్రాసిన చాలును. ఆ ఖాతాలు, సరకునిల్వ, జి.ఎస్.టి. లెక్క అన్నియు తామే మారును. కాని నూలునకు బదులు మరమ్మతుఖర్చని వ్రాసినచో, ఆ తప్పును గూడ యంత్రము అంతే వేగముగ అన్నిచోట్లకు చేర్చును. చిత్రమేమనగా, మొత్తములు మాత్రము సరిపోవును! ఎవరికిని అనుమానము కలుగదు.

కాగితముపై కొట్టివేసిన అంకె కనబడును. తెరపై దిద్దిన అంకె కనబడదు. అందుచేతనే 2023 ఏప్రిల్ 1 నుండి కంపెనీల లెక్కల సాఫ్ట్‌వేరు ప్రతి మార్పును తేదీతోసహా భద్రపరుపవలెనని కేంద్రప్రభుత్వము నియమము పెట్టినది. ఆ జాడను చదువుటకైనను జమ యేదో, ఖర్చు ఏదో ముందు తెలియవలెను గదా!

కావున మేము పిల్లలచేత చిట్టా, ఆవర్జా ముందుగా కాగితముపైననే వ్రాయించుచున్నాము. దుకాణములు గలవారు మీ పద్దులను ఒక ఆదివారము వారికి చూపుడు.